సమాధి రాతి మీద పటాలం పేరుంది, పటాలం జాబితాలో ఆయన పేరు లేదు

తెనాలి తాతయ్య:

సభ్యులందరికీ నమస్కారం. నేను రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రస్తుతం ఒహాయో రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా కోడలు ఇక్కడి పిల్ల. మనవడిని బళ్ళో తల్లివైపు, తండ్రివైపు వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. మా వైపు పని ఒక పూటలో తేలిపోయింది, ఎందుకంటే మా నాన్నగారు తద్దినాల కోసం రాసి ఉంచిన పుస్తకంలో పేర్లూ తిథులూ వరసగా ఉన్నాయి. కోడలి వైపు మాత్రం ఆమె తాతగారికి తాత అయిన మనిషి దగ్గర బండి ఆగిపోయింది.

ఆయన ఇంటిపేరు మిల్లర్. పెట్టిన పేరు కూడా మన సుబ్బారావులా ఊరికి పదిమందికి ఉన్నదే. మా దగ్గరున్న ఆధారాల్లో మొదటిది సమాధి రాయి. 1889 మార్చి 9న, 51 ఏళ్ళ 6 నెలల 14 రోజుల వయసులో కన్నుమూసినట్టు దాని మీద చెక్కి ఉంది. ముందు ఏళ్ళు, తరువాత నెలలు, ఆపైన రోజులు తీసివేసుకుంటూ వెనక్కి లెక్క కడితే 1837 ఆగస్టు 26న పుట్టినట్టు వచ్చింది. ఆ అక్షరాల కిందే అంతర్యుద్ధంలో ఆయన పనిచేసిన ఒహాయో పదాతి పటాలం సంఖ్య, కంపెనీ అక్షరం ఉన్నాయి. పక్కన నేలలో గుచ్చిన కంచు నక్షత్రం, ఉత్తరాది మాజీ సైనికుల సంఘమైన గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ వారిది, పచ్చగా చిలుము పట్టి ఉంది. రెండవ ఆధారం 1880 జనాభా లెక్కల కాగితం. అందులో ఆయన 42 ఏళ్ళ రైతు. భార్య, ఐదుగురు పిల్లలు. తాను ఒహాయోలో పుట్టినట్టు, తల్లిదండ్రులిద్దరూ పెన్సిల్వేనియాలో పుట్టినట్టు రాయించారు. వీటికి తోడు 1865లో జరిగిన పెళ్ళి కౌంటీ రిజిస్టరులో ఉంది.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒహాయో ప్రభుత్వం 1886 నుంచి 1895 వరకు 12 సంపుటాలుగా అచ్చువేసిన సైనికుల జాబితాలో ఆ కంపెనీ పుటలను నేను రెండుసార్లు, కోడలు ఒకసారి చదివాం. ఆ పేరుగల మిల్లర్ అందులో లేడు. ఇక 1850 జనాభా లెక్కల్లో అదే కౌంటీలో అదే పేరుతో 11, 12, 13 ఏళ్ళ పిల్లలు ముగ్గురు ముగ్గురిళ్ళలో కనిపిస్తున్నారు. వీరిలో మనవాడెవరో తేల్చే దారి చెప్పగలరా?

డాలస్ బాబు:

తాతయ్య గారూ, మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు. మీ ఆధారాలను బట్టి వెతికితే ఇంటర్నెట్‌లో సిద్ధంగా ఉన్న వంశవృక్షమే దొరికింది. అందులో ఆయన 12 ఏళ్ళ పిల్లవాడు, పెద్ద రైతు కొడుకు, ఆ రైతు తాత అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవ యుద్ధంలో పోరాడినవాడు. పదకొండు మంది తమ తమ వృక్షాల్లో దీన్నే ఎక్కించుకున్నారు. వయసు కూడా సరిగ్గా సరిపోతోంది. దాన్నే మనవడికి ఇచ్చేయండి.

పాతకాగితం:

డాలస్ బాబు గారితో నేను ఏకీభవించలేను. నేను సాల్ట్ లేక్ సిటీలో ఉంటాను. ఇక్కడి వంశచరిత్ర గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు స్వచ్ఛందంగా పనిచేస్తాను. పదకొండు మంది ఎక్కించుకున్నారంటే పదకొండు సాక్ష్యాలు ఉన్నట్టు కాదు, ఒకరి కాపీని పదిమంది దించుకున్నట్టు.

పేరూ వయసూ కలిశాయని మనిషి కలిశాడనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీపపు కేంద్రం తెరిచినప్పుడు అందులో మొట్టమొదట అడుగుపెట్టినది ఐర్లండ్‌లోని కార్క్ నుంచి నెవాడా అనే ఓడలో ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చిన ఆనీ మూర్ అనే పిల్ల. ఆమెకు పది డాలర్ల బంగారు నాణెం బహుమానంగా ఇచ్చారు. తరువాతి కాలంలో టెక్సస్‌లో 1923లో ట్రామ్ ప్రమాదంలో మరణించిన ఆనీ మూరే ఆ అమ్మాయి అని అందరూ నమ్మారు, ఆమె వంశంవారిని పిలిచి సభల్లో గౌరవించారు కూడా. చివరికి 2006లో వంశచరిత్ర పరిశోధకురాలు మెగన్ స్మొలెన్యాక్ కాగితాలు తిరగేస్తే, టెక్సస్ ఆనీ మూర్ అసలు వలస రానేలేదనీ, ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన మనిషనీ బయటపడింది. అసలు ఆనీ న్యూయార్క్ నగరం దాటి పోలేదు. జర్మన్ వలసదారుల కొడుకును పెళ్ళాడి, చాలామంది పిల్లలను కని, 1924లో చనిపోయి, క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో అప్పటిదాకా పేరు చెక్కిన రాయి కూడా లేకుండా పడి ఉండేది. టెక్సస్ కథ అబద్ధమాడాలని ఎవరో అల్లినది కాదు. ఆ ఇంటివారు మనస్ఫూర్తిగా నమ్మినదే.

కాబట్టి తాతయ్య గారూ, ఆ ముగ్గురు పిల్లల్లో మనవాడెవరని అడగకుండా, ముగ్గురిలో ఒక్కొక్కరూ పెద్దయ్యాక ఏమయ్యారో చూడండి. ఒక పిల్లవాడు 1880లో వేరే రాష్ట్రంలో బతికి ఉన్నాడని తేలితే అతణ్ణి జాబితాలోంచి కొట్టేయవచ్చు. ఇంకొక మాట. ఈ మూడు పేర్లూ ఆ కౌంటీలో, ఆ సంవత్సరంలో, ఆ ఇంటిపేరుతో గుమస్తా రాసుకున్నవి మాత్రమే. మనవాడు ఈ ముగ్గురిలో ఉండి తీరాలని ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట:

పాతకాగితం గారి చివరి మాటకు మా ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణ చేరుస్తాను. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1836లో పుట్టారు, అంటే మీ మిల్లర్ గారికి ఏడాది పెద్ద. పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో. యౌవనంలో మిన్నెసోటాలో భూమి సర్వే పనిలో ఉన్నారు. 1860ల మధ్యలో మన దేశానికి బయలుదేరేనాటికి ఆయన అయోవా రాష్ట్రపు మనిషి. (ఆ సర్వే అనుభవమే 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని కూలీలకు పని చూపించడానికి ఉపయోగపడింది.) ఆ తరం అమెరికన్లు పుట్టినచోటే ఉండిపోయినవారు కారు, పడమటికి చౌకగా భూమి దొరికిన కొద్దీ కదిలిపోయారు. 1837లో పుట్టినవాడు 1850లోనూ 1880లోనూ ఒకే కౌంటీలో దొరకాలని ఏమీ లేదు.

తెనాలి తాతయ్య:

పాతకాగితం గారు చెప్పినట్టే చేశాను. పెద్ద రైతు కొడుకు సంగతి ముందుగా తేలింది. ఆ రైతు 1871లో రాసిన వీలునామా కౌంటీ ప్రొబేట్ కోర్టు పుస్తకాల్లో ఉంది. అందులో ఆయన తన ఆవులనూ బండినీ భార్య వాడకానికి వదిలి, ఆ కొడుకు పేరు చెప్పి, అయోవా రాష్ట్రంలో స్థిరపడిన అతనికి ఇవ్వవలసినది ఇదివరకే ఇచ్చేశాను గనుక ఒక్క డాలరు మాత్రమే ఇస్తున్నానని రాశారు. మా మిల్లర్ అప్పటికి ఒహాయోలో సేద్యం చేసుకుంటున్నారు. పదకొండు మంది వృక్షాలూ పడిపోయినట్టే. పదమూడేళ్ళ పిల్లవాడు 1856లో చనిపోయినట్టు సమాధి చెబుతోంది. పదకొండేళ్ళవాడు 1880లో కూడా ఆ పక్క టౌన్‌షిప్పులోనే (కౌంటీలో ఒక భాగం), వేరే భార్యతో, కమ్మరిగా ఉన్నాడు. ముగ్గురూ పోయారు, ఇప్పుడు నా చేతిలో ఒక్కరూ మిగలలేదు. చెప్పొద్దూ, కాస్త దిగులు వేసింది.

అట్లాంటా కోడలు:

తాతయ్య గారూ, నమస్తే. చాలా రోజులుగా చదివి వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ రాయలేదు. మా అత్తగారిది జార్జియాలోని నల్లజాతి కుటుంబం. వారి వంశం వెతుకుతూ నేను నేర్చుకున్నది మీకు పనికిరావచ్చు.

మా వెతుకులాటలో అందరికీ ఎదురయ్యే గోడ 1870. జనాభా లెక్కల్లో ఇంట్లో ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది గానీ, ఆ నియమం స్వతంత్రులకే. బానిసలకు 1850లోనూ 1860లోనూ వేరే పట్టిక ఉండేది. అందులో యజమాని పేరు, దాని కింద వరసగా వయసు, ఆడో మగో, రంగు మాత్రమే ఉంటాయి. పేరు గడి లేదు. మిషెల్ ఒబామా గారి పూర్వికురాలు మెల్వీనియా విషయంలో అదే జరిగింది. దక్షిణ కరొలైనాలో ఒక యజమాని 1850లో రాసిన వీలునామాలో ఆ పిల్ల నూలు రాట్నాలు, కొడవళ్ళు, పశువుల నడుమ పంపకానికి వచ్చింది. తరువాత లెక్కగట్టిన ఆస్తుల పట్టికలో ఆరేళ్ళ ఆ పిల్ల ధర 475 డాలర్లు. అక్కణ్ణుంచి జార్జియాకు చేరి, స్వేచ్ఛ వచ్చాక 1870 లెక్కల్లో మొదటిసారి తన పేరుతో, నలుగురు పిల్లలతో కనబడుతుంది. 1938లో ఆమె చనిపోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు రాయవలసినచోట తెలియదు అని రాసి ఉంది. ఈ వివరాలన్నీ వెతికి తీసినది కూడా పాతకాగితం గారు చెప్పిన ఆ స్మొలెన్యాక్ గారే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా వైపు మనుషులకు ఇంటిపేరు పుట్టుకతో అంటిపెట్టుకొని ఉన్నది కాదు. యజమాని పేరుతో సైన్యంలో చేరి, యుద్ధం అయ్యాక తండ్రి పేరు పెట్టుకున్నవారు చాలామంది. వారి పింఛను కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. తెల్లవారిలో కూడా వేరే పేరుతో చేరినవారు ఉన్నారు: ఇంట్లో చెప్పకుండా పారిపోయినవారు, వయసు చాలనివారు, ఒక పటాలం వదిలి మరొకదానిలో చేరినవారు. రాయి అబద్ధం చెప్పడం లేదు, జాబితా కూడా అబద్ధం చెప్పడం లేదు అనుకొని చూడండి. ఆ కంపెనీలో ఆయన వేరే ఇంటిపేరుతో ఉండి ఉండవచ్చు కదా?

పాతకాగితం:

అట్లాంటా కోడలు గారూ, మీరు ముందే రాయవలసింది. నేను మూడు రోజులుగా తప్పు చోట తవ్విస్తున్నాను.

తాతయ్య గారూ, ఇప్పుడు 1890 వైపు చూడండి. ఆ సంవత్సరపు జనాభా లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనపు నేలమాళిగలో అగ్నిప్రమాదానికి గురయ్యాయి. కాలినవి కొన్ని, ఆర్పడానికి కొట్టిన నీళ్ళలో నానినవి కొన్ని, ఆ మిగిలినవాటిని కూడా తరువాత ప్రభుత్వమే పారేసింది. ఆరుకోట్ల పైచిలుకు జనంలో ఇప్పుడు ఆరువేల పైచిలుకు పేర్లే మిగిలాయి. అందుకే 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళ చీకటి. అయితే అదే సంవత్సరం ఉత్తరాది మాజీ సైనికులకూ వారి వితంతువులకూ విడిగా వేసిన పట్టికలు కొన్ని బతికాయి. రాష్ట్రాల పేర్ల అక్షరక్రమంలో కెంటకీ సగం నుంచి వయోమింగ్ వరకు ఉన్నవి దక్కాయి, కాబట్టి ఒహాయో ఉంది. మీ మిల్లర్ గారు 1889లో పోయారు. 1890 జూన్‌లో గుమస్తా ఆ ఇంటికి వచ్చేసరికి వితంతువు ఉంటుంది. ఆమె వరసలో భర్త పేరు, పటాలం, కంపెనీ, చేరిన తేదీ రాసి ఉండాలి. టౌన్‌షిప్పు తెలుసు గనుక పేరు సూచికను నమ్మకుండా పుట పుటా చదవండి.

తెనాలి తాతయ్య:

దొరికింది. ఆ టౌన్‌షిప్పుకు మొత్తం మూడు పుటలే. రెండో పుటలో పదిహేడో వరసలో మా వితంతువు పేరు, పక్కనే భర్త పేరు మిల్లర్ అని, ఆ తరువాత 'మారుపేరు' అనే అర్థం వచ్చే లాటిన్ మాట, దాని పక్కన బేకర్ అని ఉంది. కంపెనీ అక్షరం సమాధి రాతి మీద ఉన్నదే. అచ్చు జాబితా మళ్ళీ తీసి చూస్తే ఆ కంపెనీలో అదే పెట్టిన పేరుతో బేకర్ ఉన్నాడు, చేరేనాటికి వయసు 24. 1861లో మా మనిషి వయసు సరిగ్గా అంతే. ముందు రెండుసార్లు ఆ పేరు మీదుగానే నా వేలు పోయింది.

ఇప్పుడు ప్రశ్న మారింది. ఆయన బేకర్ ఎందుకు అయ్యారు?

డాలస్ బాబు:

ముందుగా నా తొందరపాటుకు క్షమించండి. బహుశా పేరు మార్చినది ఎల్లిస్ ద్వీపంలో గుమస్తాలేమో.

పాతకాగితం:

ఆ కథ ప్రతి అమెరికన్ ఇంట్లోనూ ఉంది గానీ ఇక్కడ అతకదు. ఎల్లిస్ ద్వీపం తెరిచేనాటికి ఈయన చనిపోయి మూడేళ్ళు, పైగా పుట్టింది ఒహాయోలో. అక్కడి గుమస్తాలు కూడా సొంతంగా పేర్లు రాసేవారు కారు. ఓడ ఎక్కినచోట తయారైన ప్రయాణికుల పట్టిక ఎదురుగా పెట్టుకొని సరిచూసేవారు. పేర్లు మార్చుకున్నది చాలావరకు వలసవచ్చినవారే, తరువాత, తమంతట తాము.

తాతయ్య గారూ, పింఛను దస్త్రం తెప్పించుకోండి. పింఛను సూచికలు రెండు రకాలు. ఒకటి మనిషి పేరును బట్టి, రెండవది పటాలం, కంపెనీలను బట్టి. రెండవదానిలో మీ కంపెనీ కార్డులు తిరగేస్తే మిల్లర్, బేకర్ రెండు పేర్లూ ఉన్న కార్డు, దాని మీద వితంతువు దరఖాస్తు సంఖ్య దొరుకుతాయి. ఆ సంఖ్యతో వాషింగ్టన్‌లోని జాతీయ పురాలేఖ భాండాగారానికి రాయాలి. 1890 జూన్ 27 నాటి చట్టం ప్రకారం, గాయంతో సంబంధం లేకుండానే, కనీసం 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలైన సైనికుడి వితంతువుకు, తన రెక్కల కష్టం తప్ప వేరే ఆధారం లేకపోతే, నెలకు 8 డాలర్లు వచ్చేవి. ఆ ఎనిమిది డాలర్ల కోసం ఆమె పెళ్ళి నిరూపించాలి, భర్త మరణం నిరూపించాలి. మీ విషయంలో బేకరూ మిల్లరూ ఒక్కరేనని కూడా నిరూపించాలి. ఇరుగుపొరుగు, తోటి సైనికులు, బంధువులు వచ్చి నోటరీ ముందు ప్రమాణం చేసి చెప్పి ఉంటారు. ప్రభుత్వం అంతగా అనుమానించింది గనుకనే మనకు ఇవాళ అన్ని కాగితాలు మిగిలాయి. దస్త్రం రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా మీ శాఖ పని మీకు వచ్చు కదా, భూమి కాగితాలు చూడండి.

తెనాలి తాతయ్య:

భూమి కాగితాలు చూడమన్న మాట చదవగానే పాత కుర్చీలో కూర్చున్నట్టయింది. కౌంటీ కచేరీలో దస్తావేజుల పుస్తకాలకు రెండు సూచికలున్నాయి: ఒకటి వ్రాసి ఇచ్చినవారి పేర్లతో, రెండవది వ్రాయించుకొన్నవారి పేర్లతో. మన ఆఫీసులో ఈసీ కోసం వెతికే పద్ధతికీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు. ఇప్పుడు వీటి బొమ్మలన్నీ ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా చూడవచ్చు. చెక్కుబందీల విషయంలో మాత్రం ఇక్కడిది వేరే లోకం. మా కౌంటీ భూములను అమ్మకముందే ఆరు మైళ్ళ చదరపు టౌన్‌షిప్పులుగా కోసి, ఒక్కొక్కదాన్ని 36 సెక్షన్లు చేశారు. సెక్షన్ 640 ఎకరాలు. తూర్పున ఫలానావారి చేను, పడమర పుంత అని రాసే పని లేదు. సెక్షన్ సంఖ్య, అందులో ఏ మూల పావు అని చెబితే చాలు.

మిల్లర్ ఇంటిపేరుతో 1855 నుంచి 1865 వరకు వ్రాసి ఇచ్చినవారి సూచిక మొత్తం చదివాను. 1859లో ఒక దస్తావేజు తగిలింది. పావు సెక్షన్‌లో సగం, 80 ఎకరాలు, చనిపోయిన ఒక మిల్లర్ గారి వారసులందరూ కలిసి అమ్మారు. వ్రాసి ఇచ్చినవారు వరసగా: మా మిల్లర్, పెళ్ళికానివాడు, ఆయన అక్క, ఆమె భర్త, చివరగా ఒక బేకర్, అతని భార్య. ఆ బేకర్ భార్య ఎవరంటే, చనిపోయిన మిల్లర్ గారి పూర్వపు భార్య. తన మొదటి భర్త భూమిలో మూడోవంతు మీద బతికినంతకాలం ఉండే హక్కును వదులుకుంటూ సంతకం చేసింది. సంతకం చోట ఆమె వేసినది గుణకార గుర్తు, అంటే చదువు రాదు. దాని కింద న్యాయాధికారి, ఆమెను భర్తకు దూరంగా పక్కకు తీసుకువెళ్ళి, ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టంతోనే చేస్తున్నదా అని విడిగా అడిగి తెలుసుకున్నట్టు రాశాడు. నా సర్వీసులో భర్త మోచేయి పొడిస్తే తలూపి వేలిముద్ర వేసిన ఆడవాళ్ళను ఎంతమందిని చూశానో. ఆ పేరా దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ దస్తావేజు ఒకదాన్నిబట్టి ప్రొబేట్ పుస్తకాలకు వెళితే, 1844లో తండ్రి చనిపోయాక ఇద్దరు పిల్లలకు కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన ఉత్తర్వు దొరికింది. అందులో పిల్లలను అనాథలు అని రాశారు. తల్లి బతికే ఉంది కదా అని మొదట తికమకపడ్డాను గానీ, ఆ రోజుల్లో తండ్రి పోతే ఆస్తి విషయంలో కోర్టు దృష్టిలో అనాథేనని తరువాత అర్థమైంది. తల్లి 1846లో బేకర్‌ను చేసుకుంది.

ఇక 1850 లెక్కలు. బేకర్ ఇల్లు తీసి చూశాను. బేకర్, భార్య, దాని కింద 15 ఏళ్ళ ఆడపిల్ల, 12 ఏళ్ళ మగపిల్లవాడు, మూడేళ్ళ పసివాడు. గుమస్తా తల దగ్గర బేకర్ అని రాసి కింద అందరికీ 'అదే' అని గీతలు గీసుకుంటూ పోయాడు. నేను మిల్లర్ కోసం వెతికినంతకాలం మా పిల్లవాడు ఆ గీత కింద కూర్చుని ఉన్నాడు.

పాతకాగితం:

తాతయ్య గారూ, ఇక్కడ ఒక జాగ్రత్త. 1880కి ముందు లెక్కల్లో ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాసే గడే లేదు. 1850 కాగితం ఒక్కటే ఉంటే, ఆ ఇద్దరు పిల్లలు బేకర్ సొంత పిల్లలనే ఎవరైనా అనుకుంటారు. మీరు దస్తావేజునూ సంరక్షణ ఉత్తర్వునూ ముందు చదివి తరువాత ఇక్కడికి వచ్చారు కాబట్టే గీత వెనక ఉన్నది కనబడింది. మనవడి వృక్షంలో ఈ మెట్టు కింద మూడు కాగితాలనూ పేర్కొనండి.

జన్యులేఖ:

నేను హైదరాబాదులో జన్యుశాస్త్రం చెబుతాను. డీఎన్ఏ మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఈ కేసులో అది తోడు సాక్షిగా పనికివస్తుంది, ప్రధాన సాక్షిగా కాదు. తాతకు తాత నుంచి మనిషికి సగటున వచ్చేది ఆరు శాతం మాత్రమే. అందుచేత పరీక్ష మీ కోడలు చేయించుకోవడం కంటే ఆమె తండ్రిగారు చేయించుకోవడం మేలు, ఆయన ఒక తరం దగ్గర. ఆ మూడేళ్ళ పసివాడు, అంటే తల్లి ఒక్కతే, తండ్రి వేరైన తమ్ముడు, అతని సంతతి వారు ఎవరైనా పరీక్ష చేయించుకొని ఉంటే, వారికీ మీ వియ్యంకుడు గారికీ కొద్దిపాటి జన్యుభాగం కలిసే అవకాశం ఉంది. అది కలిస్తే ఆ తల్లి ఒక్కతేనన్న మాటకు బలం. కలవకపోతే మాత్రం కాదని అర్థం కాదు. పూర్తి థర్డ్ కజిన్లలోనే, అంటే తాతకు తాత, ఆయన భార్య ఇద్దరూ ఒక్కరే అయినవారిలోనే, దాదాపు పదింట ఒక జంటకు పరీక్షలో ఏమీ కలవదు, వీరు అందులో సగం బంధువులు. ఇంకొక మాట, ఉమ్మేసి పంపే ముందు ఇంట్లో అందరితో మాట్లాడండి. వెతకనివి కూడా దొరుకుతాయి.

తెనాలి తాతయ్య:

వియ్యంకుడు గారు ఆలోచిస్తానన్నారు. మేం బలవంతపెట్టదలచుకోలేదు.

ఆరువారాలకు నిన్న దస్త్రం వచ్చింది. మొత్తం 64 పుటలు. అందరికీ ఉపయోగపడేది మాత్రం చెబుతాను. వితంతువు 1890 ఆగస్టులో దరఖాస్తు పెట్టింది. పింఛను కార్యాలయం ఆమె పెళ్ళి కాగితంలో మిల్లర్ ఉండగా సైన్యపు రికార్డులో బేకర్ ఎందుకున్నాడని తిరగగొట్టింది. అప్పుడు ఆ మూడేళ్ళ పసివాడు, అప్పటికి 43 ఏళ్ళ మనిషి, వచ్చి ప్రమాణం చేశాడు. అన్న చిన్నతనం నుంచి తమ ఇంట్లోనే పెరిగాడనీ, ఊళ్ళో అందరూ అతణ్ణి బేకర్ కుర్రవాడనే పిలిచేవారనీ, సైన్యంలో చేరిన రోజు కెప్టెన్‌కు అతణ్ణి తెలిసినవారే పేరు చెబితే అదే రాసుకున్నారనీ, యుద్ధం నుంచి వచ్చి పెళ్ళి చేసుకునేటప్పుడు తండ్రి పేరు నిలపాలని మిల్లర్‌గా రాయించుకున్నాడనీ చెప్పాడు. తోటి సైనికులు ఇద్దరు అదే మాట చెప్పారు. అక్క కూడా వచ్చి, తమ తండ్రి పెన్సిల్వేనియాలో ఏ కౌంటీ నుంచి వచ్చాడో చెప్పింది. వితంతువుకు పింఛను 1892లో మంజూరయింది.

దస్త్రంలో 31వ పుట అన్నిటికంటే విలువైనది. కుటుంబ బైబిల్ నుంచి చింపి పంపిన జననాల పుట అది. చింపిన అంచు ఫోటోలో కూడా కనిపిస్తోంది. పుటలో పిల్లల పేర్లు ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో ఉన్నాయి. అంటే ఎప్పటికప్పుడు రాసినవి కావు, ఒకసారి కూర్చుని రాసినవి, కాబట్టి తేదీలను పూర్తిగా నమ్మవచ్చో లేదో పెద్దలు చెప్పాలి. మా మిల్లర్ పుట్టిన తేదీ మాత్రం 1837 ఆగస్టు 26. రాతి మీద లెక్కగట్టినది అదే.

పాతకాగితం:

చేతిరాత సంగతి మీరే పట్టుకున్నారు, నేను చెప్పవలసింది లేదు. ఆలస్యంగా రాసినదే అయినా, రాయి చెక్కించినవారికీ ఈ పుట రాసినవారికీ సమాచారం ఒకే నోటి నుంచి వచ్చి ఉండవచ్చు గనుక రెండిటినీ రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టవద్దు. పెన్సిల్వేనియా కౌంటీ దొరికింది కాబట్టి తండ్రి 80 ఎకరాలు ప్రభుత్వం దగ్గర కొన్నారా, వేరేవారి దగ్గర కొన్నారా చూడండి. 1820 నుంచి ఎకరం డాలరుంపావు, కనీసం 80 ఎకరాలు, అంటే వంద డాలర్లుంటే ఎవరైనా కొనగలిగేవారు. ప్రభుత్వ పట్టాలు భూ యాజమాన్య శాఖ సైటులో ఉచితం, వాటిలో కొన్నవాడు అప్పటికి ఏ కౌంటీవాడో కూడా రాసేవారు. ఆయన తల్లిదండ్రులకు 1840 లెక్కలు సహాయపడవు. అప్పట్లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసి, మిగిలినవారిని వయసు గడుల్లో అంకెలుగా వేసేవారు.

తెనాలి తాతయ్య:

1840 సహాయపడదని మీరన్నా చూడకుండా ఉండలేకపోయాను. తండ్రి మిల్లర్ పేరు ఎడమ చివర ఉంది. ఆ వరసలో కుడికి పోతే, ముప్పై నలభై మధ్య మగవారి గడిలో 1, ఇరవై ముప్పై మధ్య ఆడవారి గడిలో 1, ఐదు పది మధ్య ఆడపిల్లల గడిలో 1. ఐదేళ్ళలోపు మగపిల్లల గడిలో 1. సిరా కాస్త పలచబడింది. మనవడు భూతద్దం తెచ్చుకొని ఆ అంకె మీద వేలు పెట్టి, వృక్షంలో ఈ పెట్టెలో ఏ ఇంటిపేరు రాయాలి తాతా అని అడిగాడు. రెండూ రాయమన్నాను.